మా తీగలు ఎత్తుగా ఉండేవి

మొన్న సంక్రాంతికి మా మనవడు హైదరాబాదు నుంచి దిగాడు. దిగినవాడు కాళ్ళు కడుక్కుని, అమ్మమ్మ పెట్టిన అరిసె నోట్లో వేసుకుని, ఊళ్ళో కబుర్లు అడగాలా వద్దా? సంచీలోంచి గిటారు తీశాడు. వంకర తిరిగిన ఇనప మీట ఒకటి తీశాడు. వేలెడంత స్టీలు స్కేలు తీశాడు. ఆ స్కేలు తీగల కింద ఆనించి, ఒక కన్ను మూసి, పసిపిల్లాడి జ్వరం చూసే డాక్టరులా మొహం పెట్టి, "కాకినాడ గాలికి యాక్షన్ పావు మిల్లీమీటరు లేచిపోయింది తాతయ్యా" అన్నాడు.

పావు మిల్లీమీటరు! మా రోజుల్లో పావు మిల్లీమీటరంటే గిటారు మీద పేరుకున్న దుమ్ము మందం. దానికి స్కేలెందుకు, తుండుగుడ్డ చాలు.

యాక్షన్ అంటే సినిమాల్లో ఫైటింగు అనుకునేవాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. తీగ అడుగుకీ, మెట్టు నెత్తికీ మధ్య ఉన్న ఖాళీని గిటారువాళ్ళు యాక్షన్ అంటారు. పన్నెండో మెట్టు దగ్గర, అంటే తీగ పొడవుకి ఇంచుమించు సగంలో, కొలుస్తారు. ఈ కాలపు ఎలక్ట్రిక్ గిటారుకి సన్న తీగ దగ్గర 1.5 మిల్లీమీటర్లు, లావు తీగ దగ్గర 2 ఉంటే బాగా కుదిరిందంటారు. ఇనప తీగల పెట్టె గిటారుకి ఇంకో అర మిల్లీమీటరు ఎక్కువ. నైలాను తీగల క్లాసికల్ గిటారుకి 3 నుంచి 4 దాకా పోతుంది. నైలాను వదులుగా, వెడల్పుగా ఊగుతుంది, దానికి చోటు కావాలి. ఇవన్నీ మావాడు చెప్పగా నేర్చుకున్నవే. మా రోజుల్లో ఎత్తు కొలిచే సామాను ఊళ్ళో లేదు, కొలవాలన్న బుద్ధీ నాకు లేదు. మా తమ్ముడు మాత్రం రెండు పావలా బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టి నా తీగల కింద తోసేవాడు. తీగకి తగలకుండా అవతలికి వచ్చేవి.

ఆ గిటారు కథ 1973లో మొదలైంది. ఆ ఏడు 'యాదోం కీ బారాత్' వచ్చింది. జీనత్ అమన్ చేతిలో గిటారు ఉన్న పాట చూసి ఊళ్ళో కుర్రాళ్ళందరూ జీనత్ అమన్‌ని చూశారు, నేను గిటారుని చూశాను. మా ఆవిడకి ఇప్పటికీ అలాగే చెబుతాను. రెండేళ్ళకి అదే కథ తెలుగులో 'అన్నదమ్ముల అనుబంధం' అయ్యేసరికి, గిటారు లేని ఆర్కెస్ట్రా పార్టీని పెళ్ళివారు బేరమే ఆడడం మానేశారు. అప్పటికే నా దగ్గర గిటారుంది. కలకత్తా నుంచి రైలు పార్సిల్లో, గోనెగుడ్డ చుట్టుకుని, గడ్డిలో పొదిగి వచ్చింది. గుడ్డ విప్పి చూసిన మొదటి మనిషి మా వీధి చివర రేడియో బాగుచేసే ఆయన. తీగల ఎత్తు చూసి, "ఇది స్పానిషా, హవాయినా?" అని అడిగాడు. హవాయి గిటారుకి తీగలు కావాలనే ఎత్తు చేస్తారు. దాన్ని ఒళ్ళో పడుకోబెట్టి, తీగ మీద ఇనప కడ్డీ జారుస్తూ వాయిస్తారు. తీగ మెట్టుకి ఆనే పనే లేదు. నాది నిఖార్సైన స్పానిషు. ఆ ప్రశ్నకి నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

ఇక వేళ్ళ సంగతి. ఈ కాలం పిల్లలు నెల తిరక్కుండా ఎఫ్ కార్డు పట్టేస్తున్నారు. చూపుడు వేలు అడ్డంగా పడుకోబెట్టి ఆరు తీగలూ ఒకేసారి అదిమే కార్డు అది. నాకు ఎనిమిది నెలలు పట్టింది. తప్పంతా నా చేతిది అనుకున్నాను. మెడ చివర, బిరడాల పక్కన తీగలు ఒదిగే గాళ్ళుంటాయి చూడండి, నట్ అంటారు, వాటిని లోతుగా కోయకుండా వదిలేశాడు చేసినవాడు. దాంతో మొదటి మెట్టు దగ్గరే తీగ మేడ మీద కూర్చుంది. ఎఫ్ కార్డు పట్టాల్సింది సరిగ్గా అక్కడే. వేళ్ళ చివర్లు చీలి, ఎండి, మళ్ళీ చీలి, చివరికి కాయలు కాశాయి. నా పెళ్ళిచూపుల్లో మామగారు నా చేతులు చూసి, "అబ్బాయి వ్యవసాయం కూడా చేస్తాడా?" అని అడిగారట.

ఒకసారి మనసు మార్చుకుని, తీగలు కాస్త దింపిద్దామని మంచాలు చేసే ఆచారి గారి దగ్గరికి పట్టుకెళ్ళాను. బ్రిడ్జి మీద తీగలు ఆనే ఎముక పట్టీ ఒకటుంటుంది. దాన్ని అరగదీస్తే తీగ దిగుతుంది. "ఎంత దించాలి?" అన్నారాయన. పన్నెండో మెట్టు దగ్గర వేలు పెట్టి, పెన్సిలు గీత మందం చూపించాను. ఆయన ఆకురాయితో బ్రిడ్జి దగ్గర అంతే తీశారు. తీగలు కట్టి చూస్తే అందులో సగమే దిగింది. ఆయన పని తప్పు కాదు. పన్నెండో మెట్టు తీగకి నడిమధ్య. ఒక కొస 1 మిల్లీమీటరు దించితే మధ్యలో దిగేది అర మిల్లీమీటరే. ఆ లెక్క తెలియక నేను ఇంకా తీయండన్నాను, ఇంకా ఇంకా అన్నాను. చివరికి తీగలు మెట్ల మీద పడి కందిరీగల్లా గీపెట్టాయి. అప్పుడు ఆచారి గారు తల గోక్కుని, గోడకి గుచ్చిన శుభలేఖ ఒకటి లాగి, అంచు కత్తిరించి పట్టీ కింద దూర్చారు. రెండు ముక్కలు, మూడు ముక్కలు. గీ పోయింది, ఎత్తు మళ్ళీ మొదటికొచ్చింది. ఆ తరవాత నేను వాయించిన ప్రతి పెళ్ళిలోనూ ముక్కూ మొహం తెలియని ఎవరిదో పెళ్ళి నా గిటారు కింద ఉండేది.

అయితే ఒక మాట. ఆ ఎత్తుని మేము మరీ ఊరికే మొయ్యలేదు. అప్పటి పార్టీకి మైకులు మూడు. ఒకటి గాయకుడికి, ఒకటి గాయనికి, మూడోది హార్మోనియానికీ తబలాకీ నాకూ కలిపి. డ్రమ్ములవాడికి మైకు అక్కర్లేదు, దేవుడు వాడికి వేరే ఇచ్చాడు. ఆ గోలలో గిటారు వినపడాలంటే తీగని కొట్టాలి. తీగని ఎంత గట్టిగా కొడితే అది అంత వెడల్పుగా ఊగుతుంది. లావు తీగ మరీను. ఊగే తీగకి కింద చోటు లేకపోతే మెట్టుకి కొట్టుకుంటుంది, గర్రుమంటుంది, నాదం అక్కడే చస్తుంది. ఎత్తుగా ఉంటే ఎంత బాదినా గుండ్రంగా, గంటలా మోగుతుంది. ఇది నా సొంత సిద్ధాంతమనుకునేవాణ్ణి. అమెరికాలో కౌంట్ బేసీ బ్యాండులో ఫ్రెడ్డీ గ్రీన్ అనే ఆయన 1937లో చేరి, 1987లో కన్నుమూసేదాకా, దాదాపు యాభై ఏళ్ళు పెట్టె గిటారుతోనే తాళం నడిపించాడని తరవాత చదివాను. పక్కన బూరాలు వరసకట్టి ఊదుతుంటే ఆంప్లిఫయర్ లేకుండా వినపడడానికి ఆయనా తీగలు బాగా ఎత్తు పెట్టుకునేవాడట. చదివి ఆ పేజీకి దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పటివాళ్ళో? తీగలు మెట్ల మీద పాకించి, నిమరడానికీ మీటడానికీ మధ్యగా ఏదో చేస్తారు. చప్పుడు కరెంటు చూసుకుంటుంది. మెల్లగా మీటినా ఒకటే, గట్టిగా మీటినా ఒకటే. వేగం ఉంది, కాదనను. వేలు వెళ్ళాల్సిన దూరం సగమైనప్పుడు వేగం రాక ఏమవుతుంది? మా వీధి మలుపు తిరిగేసరికి వీళ్ళు అన్నవరం చేరిపోతారు. కానీ ఒక్క స్వరం దగ్గర ఆగి, దాన్ని ఊపిరి పోసుకోనివ్వమనండి, చూద్దాం.

ఇదంతా అరిసెలు నములుతూ మావాడికి చెప్పాను. వాడు ఆ వంకర మీటని మెడ చివర కన్నంలో పెట్టి పావు చుట్టు తిప్పాడు. మెడలో ఇనప కడ్డీ ఉంటుందట. ఆరు తీగలూ కలిసి ఎప్పుడూ డెబ్భై కిలోల పైచిలుకు బరువుతో మెడని ముందుకి లాగుతుంటాయి. దాన్ని వెనక్కి లాగి పట్టడానికి ఆ కడ్డీ. గిబ్సన్ కంపెనీలో 1920లలోనే కనిపెట్టారట. నేను పుట్టకముందే! మరి మా కలకత్తా పెట్టెలో దాన్ని ఎందుకు పెట్టలేదని నేను ఎవరిని అడగాలి? పైగా ఆ కడ్డీ ఉన్నది మెడ వంపు సరిచేయడానికే గాని ఎత్తు తగ్గించడానికి కాదని, ఎత్తు పని బ్రిడ్జి దగ్గరదని నాకే పాఠం చెప్పాడు. తడి గాలికి చెక్క ఉబ్బుతుంది, పెట్టె పైపలక పొట్టలా లేస్తుంది, దాంతో బ్రిడ్జీ తీగలూ పైకొస్తాయి. హైదరాబాదు ఏసీ గదిలో ఎండిపోయి మళ్ళీ కిందికి దిగుతాయి. కాకినాడలో పుట్టి పెరిగిన గిటారుకి ఎప్పుడూ పొట్టే అన్నమాట.

"తాతయ్యా, నువ్వు చెప్పే ఆ నాదం ఎత్తు వల్ల వచ్చిందా, నీ బాదుడు వల్ల వచ్చిందా?" అని అడిగాడు. నేను సమాధానం చెప్పకుండా వీణ వైపు పోయాను. వాదనలో ఓడేటప్పుడు శాస్త్రీయ సంగీతం వైపు జరగడం మా తరం అలవాటు.

మా మేనత్తకి బొబ్బిలి వీణ ఉండేది. ఒకే పనస దుంగలోంచి తొలిచింది. దాని ఇరవై నాలుగు కంచు మెట్లూ మైనంలో కుదిర్చినవి. వేసవిలో ఆ మైనం మెత్తబడి మెట్లు కదిలితే, సర్దేవాడు వచ్చి కూర్చునేవాడు. స్కేలూ లేదు, కొలతా లేదు. తీగని మెట్టు మీద నొక్కి, మీటి, విని, మెట్టుని వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ నొక్కి వినేవాడు. "చూశావా, చెవితో చేసేవారు, యాప్‌తో కాదు" అన్నాను.

"అదే తాతయ్యా నేను చెప్పేది కూడా. నొక్కి వినేవాడు కదా? నొక్కితే తీగ సాగుతుంది, శ్రుతి పైకి పోతుంది. ఆ సాగుడుతో సహా మెట్టు ఎక్కడుండాలో అక్కడ పెట్టేవాడు. నీ గిటారు మెట్లు మైనంలో లేవుగా, కదలవు. మరి ఆ సాగుడు ఎవరు సర్దారు?"

ఊరుకోక పాలకొల్లు కుర్రవాణ్ణి కూడా తెచ్చాడు మధ్యలోకి. మాండొలిన్ శ్రీనివాస్ మన పక్క జిల్లావాడు. జంట తీగల మాండొలిన్ మీద గమకం పలకదని, ఒంటి తీగలు అయిదు పెట్టిన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. కరెంటు చప్పుడు చూసుకుంటే వేళ్ళు రాగం చూసుకున్నాయి. "ఆయన స్వరం ఊపిరి పోసుకోలేదంటావా?" అన్నాడు మావాడు. శ్రీనివాస్ మీద నోరు జారితే గోదావరి జిల్లాల్లో మంచినీళ్ళు పుట్టవు. నేను అరిసె అందుకున్నాను.

వాడు అటక మీంచి నా పాత గిటారు దింపాడు. కొత్త తీగలు కట్టాడు. ఫోనులో శ్రుతి చూసే యాప్ తెరిచాడు. ముందు పన్నెండో మెట్టు మీద తీగని అదమకుండా, వేలు ఆనీ ఆననట్టు పెట్టి మీటి వదిలాడు. సన్నటి గంట మోగింది. ముల్లు నడిమధ్యన ఆకుపచ్చగా నిలబడింది. తరవాత అదే మెట్టు మీద అదిమి మీటాడు. రెండూ ఒకే స్వరం కావాలి. ముల్లు కుడివైపుకి వాలి ఎర్రగా మారింది. అరస్వరాన్ని నూరు సెంట్లుగా విడగొడితే, అయిదారు సెంట్ల తేడానే మంచి చెవి పట్టేస్తుందట. నా గిటారు ఒక తీగ మీద పద్దెనిమిది, ఇంకో తీగ మీద ఇరవై ఆరు చూపించింది. స్కేలు పెట్టి ఎత్తు కొలిచాడు. 5 మిల్లీమీటర్లు.

"ఎత్తు రెట్టింపైతే సాగుడు రెట్టింపు కాదు తాతయ్యా, దగ్గరదగ్గర నాలుగింతలవుతుంది. అందుకే పైమెట్లకి పోయేకొద్దీ నీది షార్పు. కింది మెట్ల దగ్గర నట్ ఎత్తుది ఇంకో షార్పు. నువ్వు గట్టిగా పట్టుకునే మనిషివి, అది మూడోది."

ఇక్కడ నాకు మా హార్మోనియం మాస్టారు గుర్తొచ్చారు. అప్పటిదాకా ఆయన సంగతి ఈ వ్యాసంలో రానివ్వకూడదనుకున్నాను.

నాకంటే పదేళ్ళు పెద్ద. నిదానం మనిషి. పార్టీలో చేరిన మొదటి ఏడాదే ఒకసారి నాతో, "పైన కొంచెం చూసుకో అబ్బాయ్, అల కొడుతోంది" అన్నారు. రెండు స్వరాలు దగ్గరగా ఉండి కలవకపోతే మధ్యలో ఊగులాట వినిపిస్తుంది, దాన్నే ఆయన అల అనేవారు. నాకు రోషం వచ్చింది. ఎనిమిది నెలలు వేళ్ళు చీల్చుకుని ఎఫ్ కార్డు పట్టినవాణ్ణి. "అల నా దగ్గర కాదు మాస్టారూ, మీ రీడ్లు పోయాయి, చూపించుకోండి" అన్నాను అందరి ముందూ. ఆయన ఏమీ అనలేదు. తన డబ్బు పెట్టుకుని పెట్టె తీసుకెళ్ళి రీడ్లు సరిచేయించుకొచ్చారు. హార్మోనియం రీడు ఇత్తడి నాలిక. దాన్ని అదిమేదీ లేదు, సాగేదీ లేదు, చెప్పిన స్వరమే చెబుతుంది. మళ్ళీ అదే అల. ఆ తరవాత ఆయన ఆ మాట ఎత్తలేదు. కానీ నా సోలో వచ్చినప్పుడల్లా తిత్తి కొట్టడం ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. నేను బాగా వాయిస్తున్నానని ఆయనకి కడుపుమంట అనుకున్నాను. పదకొండేళ్ళు అలాగే అనుకున్నాను. కొందరితో అన్నాను కూడా.

మావాడు నిరుడు నా పాత క్యాసెట్టు ఒకటి కంప్యూటరులోకి ఎక్కించి పెట్టాడు. 1981లో సామర్లకోటలో ఒక పెళ్ళిది. దాన్ని మళ్ళీ పెట్టమన్నాను. ఇన్నాళ్ళూ ఆ క్యాసెట్టులో నేను నన్నే విన్నాను. ఈసారి హార్మోనియం విన్నాను. పాట ఎత్తుకోగానే నిండుగా ఉంది. కార్డుల దగ్గర నాతోపాటు నడిచింది. నేను అయిదో మెట్టు దాటి పైకెక్కేసరికి మాయమైంది. సోలో అయిపోయి నేను కిందికి దిగేసరికి, మెత్తగా, ఎప్పటినుంచో ఉన్నట్టే వచ్చి చేరింది. పాట మొత్తంలో ఎక్కడా అల లేదు. పెళ్ళిలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నావే అనుకుని నలభై ఏళ్ళు బతికాను.

మాస్టారికి ఇప్పుడు ఎనభై దాటాయి. కొడుకు దగ్గర విశాఖపట్నంలో ఉంటున్నారు. ఫోను చేశాను. కుశల ప్రశ్నలయ్యాయి, మోకాళ్ళ సంగతయింది, షుగరు సంగతయింది. చివరికి గొంతు సవరించుకుని, "మాస్టారూ, ఆ రోజుల్లో షార్పు నా గిటారుదండీ. తీగలు బాగా ఎత్తు" అన్నాను.

"తెలుసయ్యా" అన్నారు.

"తెలిసీ రీడ్లు చేయించుకొచ్చారా?"

"అప్పుడు తెలీదు. చేయించాక తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"రెండోసారి చెబితే నువ్వు పార్టీ మానేసేవాడివి. జిల్లా మొత్తానికి ఎఫ్ కార్డు పట్టేవాడివి నువ్వొక్కడివే ఉన్నావు" అన్నారు. తరవాత ఆయన నవ్వారో, దగ్గారో తెలియలేదు.

ఫోను పెట్టేసరికి మావాడు నా పాత గిటారు బ్రిడ్జి ఊడదీసి కూర్చున్నాడు. ఎముక పట్టీ కింద మూడు శుభలేఖ ముక్కలు, పసుపు మరకతో సహా, అలాగే ఉన్నాయి. వాటిని తీసేసి పట్టీని కొలత ప్రకారం కొత్తగా చేయిస్తానన్నాడు. రెండు తీయమన్నాను, ఒకటి ఉంచమన్నాను. "శ్రుతి తప్పుతుంది తాతయ్యా" అన్నాడు. తప్పనీ.

వాడి యాప్ చాలా మంచిదే. తప్పు చేస్తే వెంటనే, ఎన్ని సెంట్లో లెక్కతో సహా, ఎర్రగా చూపిస్తుంది. మా రోజుల్లో మాస్టారు చేతులు ఒళ్ళో పెట్టుకునేవారు. అలాంటి మీట దాంట్లో ఎక్కడుందో ఇంకా అడగలేదు, ఉగాదికి వచ్చినప్పుడు అడుగుతాను.